గుమ్మము నొద్ద అబ్షాలోము

ధ్యాన భాగము: 2 సమూయేలు 15:1–12



అబ్షాలోము కథ మనకందరికిని తెలిసినదే. తండ్రిమీద తిరుగబడినవాడనియు, తన తలవెండ్రుకలే తనకు ఉరియై మస్తకివృక్షమున చిక్కుకొని చచ్చినవాడనియు ఆదివారపు బడిలోని చిన్నపిల్లలు సహితము చెప్పుదురు. అయితే ఆ తిరుగుబాటు ఎట్లు మొదలైనదో మనము అంతగా గమనింపము. గ్రంథము దానిని ఆరు వచనములలో చెప్పుచున్నది. ఆ ఆరు వచనములను ఈ నెల మీతో కలిసి ధ్యానింపగోరుచున్నాము.

అబ్షాలోము వేకువనే లేచి పట్టణపు గుమ్మమునకు పోవు దారి ప్రక్కను నిలిచెడివాడు. రాజు నొద్దకు వ్యాజ్యెము తెచ్చుకొనువాడు ఎవడు కనబడినను దగ్గరకు పిలిచి, నీది ఏ ఊరని విచారించెడివాడు. నీ మాట న్యాయమైనదే గాని దానిని విచారించుటకు రాజు ఎవనిని నియమింపలేదని చెప్పెడివాడు. తానే ఈ దేశమునకు న్యాయాధిపతియైన యెడల అందరికిని న్యాయము జరిగించియుందునని నిట్టూర్చెడివాడు. ఎవడైనను నమస్కరింపవచ్చిన యెడల చేయి చాపి పట్టుకొని ముద్దు పెట్టుకొనెడివాడు. ఈలాగున అతడు ఇశ్రాయేలీయుల హృదయములను సంపాదించెనని గ్రంథకర్త వ్రాయలేదు. దొంగిలించెనను అర్థమిచ్చు మాటనే వాడెను.

ఏల దొంగతనమనవలెను? అతడు ఎవరి పశువును తోలుకొనిపోలేదు, ఎవరి పొలమును ఆక్రమింపలేదు. పైగా బీదవానిని ఆదరించి, వాని మొర వినెను గదా! ఇక్కడ ఒక సంగతి చూడుడి. వ్యాజ్యెమన్నప్పుడు ఇద్దరుందురు. ఉదయము వాది వచ్చినప్పుడు అబ్షాలోము నీదే న్యాయమనెను. మధ్యాహ్నము ప్రతివాది వచ్చిన యెడల వానితోను ఆ మాటయే యనెను. రెండవ పక్షము వినకయే తీర్పు చెప్పుచు, వచ్చిన ప్రతివానిని గెలిచినవానిగా ఇంటికి పంపెను. అందరికి న్యాయము చేయుదునని చెప్పినవాడు ఒక్కరికిని న్యాయము చేయలేదు. ఇదియే ఆ దొంగతనము.

నేడు ఆ గుమ్మము మన పేట మొదటనున్నది. 2004 ఎన్నికలవరకు ఉయ్యూరు తన పేరు గల శాసనసభ నియోజకవర్గముగా నుండెను. 2008 పునర్విభజన తరువాత పెనమలూరు నియోజకవర్గములో భాగమైనది. గీతలు మారినవి గాని లెక్క మారలేదు. ఈ కులము వారి ఓట్లెన్ని, ఆ కులము వారివెన్ని, ఫలాని పేటలో క్రైస్తవుల ఓట్లెన్ని అని కాగితముమీద కూడికలు వేసికొని, ఒక్కొక్క గుంపునకు ఒక్కొక్క మాట సిద్ధపరచుకొని వచ్చుట ఏ ఒక్క పార్టీకో చెందిన అలవాటు కాదు. ఎన్నికల దినములలో చేయి చాపి పట్టుకొనువారు అనేకులు. చక్కెర మిల్లు గేటు వద్ద చెరకు బండ్లు బారులు తీరియుండుట ఉయ్యూరువారు చిన్ననాటినుండి చూచిన దృశ్యము. రసము పిండువరకే చెరకునకు విలువ. తరువాత మిగులునది పిప్పి. ఓటు వేసిన మరునాడు తమ బ్రదుకు అట్లే యున్నదని పేదలు అనుకొనుట మనము వినియున్నాము.

అయినను తొందరపడి తీర్పు తీర్చవద్దు. ప్రజలు కోరినది పాలకుడు ఇచ్చుట తప్పా? ఓట్లకొరకే యిచ్చెననుకొందము; ఆకలిగొన్నవాని కంచములో అన్నము పడినది గదా? ఈ ప్రశ్నను నిజాయితీతో ఎదుర్కొనవలెను.

1. అడుగుట పాపము కాదు

సంఖ్యాకాండము 27వ అధ్యాయములో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట నిలిచిరి. కుమారులు లేనందున తమ తండ్రి స్వాస్థ్యము పోవుట న్యాయమా అని అడిగిరి. దేవుడు వారి మాట యుక్తమైనదనెను. అంతటితో ఊరకుండక, ఆ తీర్పును ఇశ్రాయేలీయులందరికి కట్టడగా చేసెను. ఒక యింటి మొర సమస్త జనమునకు ధర్మమైనది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకు భాష మాటలాడువారు, అనుదిన పరిచర్యలో తమ విధవరాండ్రను విడిచిపెట్టుచున్నారని సణిగిరి. అపొస్తలులు వారిని గద్దింపలేదు; విచారించి, యేడుగురిని ఏర్పరచి, లోపమును సరిచేసిరి.

కాబట్టి బాధపడు గుంపు నోరు తెరచుట తప్పు కాదు. మన రాష్ట్రములోను ఇట్టి ఉదాహరణములున్నవి. 1983 జనవరి ఎన్నికలలో కిలో బియ్యము 2 రూపాయలకు ఇత్తుమని ఎన్.టి. రామారావు గారి పార్టీ మాట యిచ్చి, గెలిచిన తరువాత అమలుచేసెను. ఓట్లకొరకు చేసిన వాగ్దానమే కావచ్చును. అయినను ఆ బియ్యమునకు కొలత పేదరికము. మాలపల్లెలోని పొయ్యికిని, ఊరిలోని బీద రైతు పొయ్యికిని అదే ధర.

నెల్లూరు జిల్లా దూబగుంటలోని స్త్రీలు 1992లో సారా దుకాణమునకు ఎదురు నిలిచిరి. వారు తమకు వరము కావలెనని అడుగలేదు. తమ యింట కూలి డబ్బు మిగులవలెనని, పిల్లల కడుపు నిండవలెనని అడిగిరి. ఆ మంట రాష్ట్రమంతట వ్యాపించెను. 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను. 1994 ఎన్నికలలో సంపూర్ణ మద్యనిషేధము పెద్ద వాగ్దానమై, 1995 జనవరిలో అమలైనది. 1997లో, ఖజానాకు రాబడి లేదని, దొంగసారా పెరిగినదని చెప్పి దానిని సడలించిరి. అడిగినవారి చేతులు శుద్ధముగా నుండెను. ఇచ్చినవారు మాత్రము ఇచ్చునప్పుడు లెక్క చూడలేదు. ఓట్లు వచ్చిన తరువాతనే లెక్క జ్ఞాపకమునకు వచ్చెను.

2. తప్పు ఎక్కడ మొదలగును?

అబ్షాలోము మార్గమును గుర్తుపట్టుటకు మూడు గురుతులు మాకు కనబడుచున్నవి.

మొదటి గురుతు: ఎదుటి పక్షమును వినకయే నీదే న్యాయమనుట. కాపు కులస్థులకు వెనుకబడిన తరగతుల రిజర్వేషను కల్పింతుమని 2014 ఎన్నికలలో తెలుగుదేశము పార్టీ మాట యిచ్చెను. ఇదివరకే ఆ జాబితాలోనున్నవారితో, మీ వాటాకు లోటు రాదని చెప్పబడెను. ఉన్న రొట్టె యొక్కటే. మొత్తము రిజర్వేషన్లు 50 శాతము మించరాదని సుప్రీముకోర్టు 1992లోనే చెప్పియుండెను. మాట నెరవేరలేదని ఆగ్రహము పెరిగి, 2016 జనవరి 31న తుని వద్ద రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగులబెట్టబడెను. 2017 డిసెంబరులో శాసనసభ 5 శాతమునకు బిల్లు ఆమోదించి కేంద్రమునకు పంపెను. అది చట్టము కాలేదు. 2019 ఎన్నికల ముందు, ఆర్థికముగా వెనుకబడినవారికిచ్చిన 10 శాతములో సగము కాపులకని మరియొక చట్టము వచ్చెను. ఆ యేటనే ప్రభుత్వము మారగా అదియు నిలువలేదు. కాపులలో పేదలు లేరా? ఉన్నారు. వెనుకబడిన తరగతుల వారి భయము అబద్ధమా? అదియు కాదు. ఈ ఇద్దరిని ఒకచోట కూర్చుండబెట్టి, ఉన్నది ఇంత, దీనిని న్యాయముగా ఎట్లు పంచుకొందమని అడిగిన యెడల ఇద్దరికిని కొంత కోపము వచ్చియుండును. న్యాయాధిపతి ఆ కోపమును భరించును. అబ్షాలోము భరింపలేడు, అతనికి ఇద్దరి ముద్దును కావలెను.

రెండవ గురుతు: హక్కును వరముగా మార్చుట. ఇది మన పేటలకు మిక్కిలి దగ్గర సంగతి. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము హిందువులు కానివారికి షెడ్యూల్డు కులముల గుర్తింపు లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు వెనుకబడిన తరగతుల సి విభాగమున 1 శాతములో నున్నారు. బాప్తిస్మము పొందినంత మాత్రమున ఊరిలో తమ స్థానము మారలేదని ఆ పేటలవారు చెప్పుమాటను ఆలకింపవలసినదే. దేశము దానిని ఆలకించి, అవునో కాదో తేల్చి చెప్పవలెను.

అయితే జరుగుచున్నదేమి? 2009లో మన శాసనసభ కేంద్రమును కోరుచు తీర్మానము చేసెను. 2023 మార్చిలో మరల అట్టి తీర్మానమే చేసెను. రాజ్యాంగము 341వ అధికరణము ప్రకారము ఆ జాబితాను మార్చు అధికారము పార్లమెంటుదే. శాసనసభ తీర్మానము కోరిక మాత్రమే. 14 సంవత్సరములు గడచిన తరువాత అదే కోరికను మరల వ్రాసి పంపవలసివచ్చెను. తీర్మానము చేయుట తప్పని మేమనము. కాని ప్రతిసారియు మన సభలలో ఆ తీర్మానమును ఇచ్చివేసిన వరమువలె చెప్పి, చప్పట్లు తీసికొనిపోవువారున్నారు. హక్కును ఒకసారి ఇచ్చిన యెడల దానితో మరల ఓటు కొనలేరు. ఇయ్యక చేతిలో నుంచుకొని చూపించుచుండిన యెడల ప్రతి ఎన్నికకును అది పనికివచ్చును. కూలివాని కూలిని రాత్రి ఉంచుకొనవద్దని లేవీయకాండము 19వ అధ్యాయము ఆజ్ఞాపించుచున్నది. బాకీని బహుమానమని చెప్పుట కూలిని ఉంచుకొనుటకంటె హీనమైనది.

మూడవ గురుతు: లెక్కను అక్కడ లేనివానిమీద వేయుట. కాలువ క్రింద బ్రదుకు మనకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. 1855లో బెజవాడ యొద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చిన తరువాతను, డెల్టా ధర్మమొకటే: ఎగువవాడు తన తూమును అడ్డగోలుగా తెరచిన యెడల దిగువ శివారు చేను ఎండును. వంతు తప్పించి ఒక ఊరికి నీరు విడిపించిన నాయకునికి ఆ ఊరిలో పూలమాలలు వేయుదురు. ఎండిపోయిన శివారు ఊరి రైతు ఆ సభలో నుండడు. ఒక గుంపునకు ఉచితముగా ఇచ్చునది ఏదియు నిజముగా ఉచితము కాదు. ఎవని బోదెలోనిదో ఆ నీరు. కొన్నిసార్లు ఆ యెవడో ఇంకను పుట్టని పిల్లవాడు. వాని తలమీద అప్పు వ్రాయబడుచున్నది. ఎన్నికల ప్రణాళికలో వస్తువులు ఇత్తుమనుట చట్టము ప్రకారము అవినీతి చర్య కాదని సుప్రీముకోర్టు 2013లో చెప్పెను. అయినను అట్టి వాగ్దానములు ఎన్నికల స్వచ్ఛతను కదిలించునని కూడ చెప్పెను. చట్టము శిక్షింపని దానినంతయు మనస్సాక్షి ఒప్పుకొనవలెనని లేదు.

ఈ మూడు గురుతులును గుంపు చిన్నదైనను పెద్దదైనను ఒక్కటే. నిర్గమకాండము 23వ అధ్యాయములో దేవుడు, దుష్కార్యము జరిగించుటకై గుంపును వెంబడింపవద్దని చెప్పిన వెంటనే, వ్యాజ్యెములో బీదవాని పక్షము సహితము అన్యాయముగా వహింపవద్దని చెప్పెను. బీదలను అంతగా ప్రేమించు దేవుడు ఆ మాట చెప్పెను! బీదవానికి కావలసినది పక్షపాతము కాదు, న్యాయము. పక్షపాతము ఎన్నడును ఒకని యింట నిలువదు. రేపు ఎక్కువ ఓట్లున్నవాని యింటికి పోవును.

3. మన సంఘపు గుమ్మము

ఇంతవరకు చదివి, నాయకులను బాగుగా గద్దించితిరని సంతోషించువారు ఇప్పుడు కొంచెము ఓర్చుకొనవలెను. అబ్షాలోము నిలిచినంత మాత్రమున పని జరుగలేదు. ముద్దు పెట్టించుకొనువారు కావలసివచ్చిరి. మనమును అట్టి గుంపులలో ఒకరము.

యెరూషలేము యాత్రకు సహాయమిచ్చుట మన రాష్ట్ర ప్రభుత్వము 2008లో మొదలుపెట్టెను. 2019 నవంబరులో ఆ సహాయమును, సంవత్సరాదాయము 3 లక్షల రూపాయలలోపు గలవారికి 40,000 నుండి 60,000 రూపాయలకు పెంచిరి. 2020లో కోవిడ్ వ్యాధి కాలమున అర్చకులకు, ఇమాములకు, మౌజనులకు, పాస్టర్లకు తలకు 5,000 రూపాయలు ఒకసారి సహాయమిచ్చిరి. ఆ ప్రభుత్వ కాలములోనే పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనము ఏర్పడెను. 2024లో వచ్చిన ప్రభుత్వమును దానిని కొనసాగించెను. డిసెంబరు వచ్చినదనగా సెమీ క్రిస్మసు విందులు జరుగును. ఏ పార్టీ అధికారములో నున్నను కేకు కోయు చేతులు మారునే గాని కేకు మారదు.

వీటిలో ఆపత్కాల సహాయమును మేము ఆక్షేపింపము. ఆకలి వేళ అర్చకునికిని, ఇమామునకును, పాస్టరుకును ఒకే కొలతతో ఇచ్చినది దయయే. పల్లెటూరి పాస్టరు గారి కష్టము మాకు తెలియును. సైకిలుమీద మూడు ఊళ్లు తిరిగి, వారమంతయు పరామర్శలు చేసి, ఆదివారము కానుక పెట్టెలో పడిన చిల్లరతో పిల్లల చదువు గడపవలసినవారు అనేకులున్నారు. వారు ఆ వేతనము తీసికొనిన యెడల వేలెత్తి చూపుటకు మనమెవరము? సంఘము సరిగా పోషించియున్న యెడల వారికా యవసరము రాకపోవును. ముందు ఈ మాట మన హృదయములకు తగులవలెను.

ఇతరులకు ఇచ్చుచున్నారు గదా, మనకేల వద్దు అని కొందరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్నయే. దీనికి మేమిచ్చు ప్రత్యుత్తరము డబ్బును గూర్చినది కాదు, నోటిని గూర్చినది. మన తల్లులు వంటకు బియ్యము పోయునప్పుడెల్ల గుప్పెడు బియ్యము తీసి వేరుగా ఉంచి, ఆదివారము గుడికి తెచ్చెడివారు. ఆ గుప్పెడు బియ్యముతో సంఘములు నిలిచినవి. దానిని తినిన బోధకుడు ఆ తల్లులకు జవాబుదారి. వారి పేటకు నీరు రాకపోయిన యెడల ఆయన సర్పంచి నెదుట నిర్భయముగా అడుగగలడు. యెజెబెలు బల్లయొద్ద భోజనము చేసిన ప్రవక్తలు వందలకొలది యుండిరని 1 రాజులు 18వ అధ్యాయము చెప్పుచున్నది. రాజునకు నచ్చని మాట పలికినవాడు ఆ బల్లయొద్ద కూర్చుండనివాడు. ఆ తరువాత 22వ అధ్యాయములో నాలుగు వందలమంది ప్రవక్తలు ఏకముగా రాజునకు విజయమని చెప్పగా, మీకాయా యొక్కడే సత్యము చెప్పి చెరసాలకు పోయెను. వేతనము తీసికొనిన నోరును నిర్భయముగా నుండవచ్చును, ఉండినవారికి వందనములు. కాని ఎన్నికల ముందటి ఆదివారమున ఆ నోరు పరీక్షింపబడును.

ఎట్లు? అభ్యర్థి ఆరాధనకు వచ్చును. ముందు వరుసలో కుర్చీ వేయుదురు. ప్రార్థన యయిన తరువాత నాలుగు మాటలు చెప్పుడని బల్లయొద్దకు పిలుతురు. గుడి ప్రహరీ గోడ కట్టించుదునని ఆయన యనును. సంఘ పెద్ద లేచి, మన ఓట్లన్నియు అయ్యగారికే యని పలుకును. ఆ సంఘములో వేరుగా తలంచు విధవరాలు, ఆ మాటకు తల వంచుకొని కూర్చుండును. ఆమె ఓటును అమ్ముటకు ఆ పెద్దకు అధికారము ఎవరిచ్చిరి? మతము పేరున, కులము పేరున ఓటడుగుట 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము 123వ విభాగము ప్రకారము అవినీతి చర్య. అభ్యర్థి మతము మాత్రమే కాక ఓటరుల మతమును చూపి అడుగుటయు అందులోనికే వచ్చునని సుప్రీముకోర్టు 2017 జనవరి 2న, ఏడుగురు న్యాయమూర్తులలో నలుగురి అభిప్రాయముతో, తీర్పు చెప్పెను. లోకపు చట్టమే వద్దనిన దానిని దేవుని బల్లయొద్ద జరిగింపవచ్చునా?

4. మన పెద్దలు విడిచిపెట్టినది

ఈ కాలపు క్రైస్తవులకు తెలియవలసిన ఒక చరిత్ర కలదు. ఆంగ్లేయుల ప్రభుత్వ కాలములో మద్రాసు శాసనసభలో దేశీయ క్రైస్తవులకు ప్రత్యేక స్థానములుండెను. క్రైస్తవులు క్రైస్తవులకే ఓటు వేయవలెను. అప్పుడు ఓటు అందరికి లేదు. ఆస్తి, పన్ను, చదువు గలవారికే యుండెను. మన పేటలలోని పాలేళ్లకు, కూలీలకు ఆ ప్రత్యేక స్థానమువలన వచ్చినది స్వల్పమే. మద్రాసు వాడైన కె.టి. పాల్ గారివంటి క్రైస్తవ నాయకులు ఆ దినములలోనే, మత వారీగా ఓటర్లను వేరుచేయుట మంచిది కాదని వాదించిరి.

రాజ్యాంగము వ్రాయు కాలము వచ్చెను. రాజ్యాంగ సభకు ఉపాధ్యక్షుడైన హరేంద్ర కుమార్ ముఖర్జీ గారు బెంగాలీ క్రైస్తవుడు. 1949 మే నెలలో, మతపరమైన అల్పసంఖ్యాకులకు చట్టసభలలో ప్రత్యేక స్థానములు అక్కరలేదను నిర్ణయమునకు ఆయన ముందు నిలిచెను. మద్రాసునుండి వచ్చిన జెరోము డిసౌజా గారు అను కతోలిక గురువును దానిని బలపరచెను. దేశవిభజన రక్తము ఇంకను ఆరని దినములవి. అల్పసంఖ్యాకులు భయపడి గోడలు కట్టుకొనుటకు కారణములు లేకపోలేదు. అయినను వారు, మా పొరుగువారితో కలిసి ఒకే ఓటరుల జాబితాలో నిలుతుమనిరి. అడుగగలిగినదానిని అడుగకుండిరి. తమ గుంపునకు కుర్చీ కంటె, దేశములో అందరికి సమానమైన హక్కు మేలని యెంచిరి. 1951–52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో, చదువులేని కూలి స్త్రీయు, భూస్వామియు ఒకే తూకపు ఓటు వేసిరి.

ఆ దశకములోనే ఎం.ఎన్. శ్రీనివాస్ గారను సమాజ శాస్త్రజ్ఞుడు మైసూరు ప్రాంతపు పల్లెను గూర్చి వ్రాయుచు ‘ఓటు బ్యాంకు’ అను మాటను వాడెను. ఇప్పుడది అందరి నోటనున్నది. ఆ మాటను కొంచెము తలపోయుడి. బ్యాంకులోని సొమ్ము బ్యాంకుది కాదు. దాచుకొనినవాడు తనకు కావలసినప్పుడు వచ్చి తీసికొనిపోవును. క్రైస్తవులు మా బ్యాంకు అని యెవడైనను అనిన యెడల, వాడు మనలను గౌరవించుట లేదు. మనలోనున్నది తనదని చెప్పుచున్నాడు. వెలపెట్టి కొనబడినవారము కాబట్టి మనుష్యులకు దాసులు కావద్దని పౌలు కొరింథీ సంఘమునకు బోధించెను. ఒకసారి కొనబడినవాడు రెండవసారి అమ్ముడుపోవుట ఎట్లు?

5. మనము చేయదగినది

అట్లయిన ఓటు మానుకొని కూర్చుండవలెనా? కాదు. తాము చెరగా నున్న పట్టణపు క్షేమమును వెదకుడని యిర్మీయా 29వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. అది బబులోను పట్టణము. అందులో యూదుల పేట మాత్రమే కాదు, పట్టణమంతయు.

మొదట, ఏదైనను కోరునప్పుడు ఒక ప్రశ్న వేసికొందము: ఈ కోరిక మన పొరుగువారి కొరకును అడుగగలమా? సమాధుల స్థలము మన పేటలకు తీరని బాధ. చనిపోయినవారిని మోసికొని గట్టుమీద నిలువబడి, ఎక్కడ పాతిపెట్టవలెనని వెదకుకొను కుటుంబములున్నవి. దీనిని క్రైస్తవుల ఓట్లకు బదులుగా అడిగిన యెడల అది బేరము. ఊరిలో స్థలము లేని ప్రతి పేట పక్షముగా, వారి సంతకములతో కూడ, గ్రామసభలో అడిగి, తహశీలుదారు గారికి విన్నపము వ్రాసిన యెడల అది న్యాయము. ఎన్నికలున్నను లేకున్నను దానిని అడుగవచ్చును. సెలోపెహాదు కుమార్తెలు చేసినది ఇదియే.

రెండవదిగా, అభ్యర్థి వచ్చినప్పుడు మాకేమి యిత్తువని అడుగుట మానుకొందము. ప్రక్క పేటలో ఏమి చెప్పి వచ్చితిరి, అక్కడ ఇచ్చినమాటకును ఇక్కడ ఇచ్చుమాటకును పొత్తు కుదురునా, ఇందుకు డబ్బు ఎక్కడనుండి తెచ్చెదరు అని మర్యాదగా అడుగుదము. అబ్షాలోమును ఆ రెండవ ప్రశ్న ఎవరును అడుగలేదు.

మూడవదిగా, ప్రసంగ వేదికను ఏ అభ్యర్థికిని ఇయ్యకుందము. ఆరాధనకు వచ్చిన యెడల చాపమీద చోటిత్తము. అతడును పాపియే, మనమును పాపులమే. ఓటు చాటున వేయుమని చట్టము ఏర్పాటు చేసినది బలహీనుని మనస్సాక్షిని కాపాడుటకే. ఆ చాటును సంఘ పెద్ద చెరపరాదు.

నాలుగవదిగా, రాత్రివేళ తలుపు తట్టి వచ్చు కవరు. బీద సహోదరుని మేము నిందింపము. ఒక పూట పనికి పోనియెడల పొయ్యి వెలుగని యిల్లు అతనిది. అయినను ప్రేమతో ఒక మాట చెప్పుదుము. ఏశావు అమ్ముకొనినప్పుడు నిజముగానే ఆకలిగా నుండెను. చిక్కుడుకాయల కూరయు నిజముగానే వేడిగా నుండెను. తినుటకు కొన్ని నిమిషములు పట్టెను; జ్యేష్ఠత్వము మరల రాలేదు.

ముగింపు

అబ్షాలోము హెబ్రోనునకు పోయినప్పుడు యెరూషలేమునుండి రెండు వందలమంది అతనితో వెళ్లిరి. వారు విందునకు పిలువబడినవారు. యథార్థమైన మనస్సుతో, సంగతి యేమియు తెలియక వెళ్లిరని గ్రంథము చెప్పుచున్నది. వారి కపటము లేనితనము వారిని కాపాడలేదు. 18వ అధ్యాయములో ఎఫ్రాయిము అడవిలో యుద్ధము జరిగెను. ఆ దినమున ఇరువది వేలమంది కూలిరి. గుమ్మము నొద్ద ముద్దు పెట్టించుకొనిన ఊళ్లవారే ఆ అడవిలో పడియుందురు. తమ వ్యాజ్యెమునకు తీర్పు దొరకునని ఆశపడినవారికి అడవి దొరికెను.

మన ప్రభువును గూర్చియు ఒక సంగతి వ్రాయబడియున్నది. అయిదు వేలమందికి రొట్టె పంచిన దినమున, ఆ జనులు తన్ను బలవంతముగా రాజును చేయవలెనని యున్నారని ఆయన యెరిగి, ఒంటరిగా కొండకు వెళ్లిపోయెను (యోహాను 6:15). ఓట్లన్నియు చేతిలోనుండగా వెళ్లిపోయెను. రొట్టె ఇచ్చినది వారి ఆకలి చూచియే. కిరీటము కొనుటకు కాదు. మరునాడు ఆయన వారికి ఇష్టము కాని సత్యము చెప్పగా అనేకులు వెనుకకు తీసిరి. ఆయన మాట మార్చుకొనలేదు. మనలను నిజముగా ప్రేమించువాడు ఎట్లుండునో అక్కడ నేర్చుకొందము. అట్టి మనస్సు కొంచెమైనను గల నాయకుని వెదకుదము. దొరకని యెడల, ఉన్నవారిలో మన మొర మాత్రమే కాక మన పొరుగువాని మొరయు వినువానిని ఎన్నుకొందము.

ప్రార్థన: న్యాయాధిపతివగు తండ్రీ, మా పాలకులకు రెండు పక్షములను వినగల చెవినిమ్ము. మాకు అమ్ముడుపోని ఓటును, అదరని నోటిని, శివారు చేను వానిని మరువని హృదయమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.